కొమ్ముల కిరీటమూ, గళ్ల అంగీ

ఇప్పపూలు ఏరుకొనడం ముగిసి, తొలకరి ఇంకా పడని రోజులలో దక్షిణ బస్తరు పల్లెలకు పెండ్లిళ్ళ సందడి వస్తుంది. అక్కడి దండామి మాడియాలు పెండ్లిని ‘పెండుల్’ అంటారు. తెలుగువాడికి ఆ మాటను అనువదించి చెప్పనక్కరలేదు. ఊరి వెలుపలి మైదానంలో పురుషులు వలయంగా నిలుస్తారు. ఒక్కొక్కరి మెడకు అడ్డంగా పొడవాటి డోలు వ్రేలాడుతూ ఉంటుంది. నడుము నుండి పాదాల దాకా తెల్లని బట్ట పావడావలె చుట్టి ఉంటుంది. తలపైని అలంకారం చూసినవారెవరూ సులభంగా మరచిపోలేరు. వెదురుతో అల్లిన టోపీకి రెండు వైపులా అడవిదున్న కొమ్ములు, వాటి నడుమ ఈకల కుచ్చు, ముందు భాగాన ముఖాన్ని సగానికి పైగా కప్పివేస్తూ గవ్వల పేటలు. ఆ గవ్వల తెర వెనుక ఉన్నది మేనమామయో, పొరుగింటి కుర్రవాడో గుర్తుపట్టడం కష్టం.

స్త్రీలు వేరుగా వరుస కడతారు. వారి చేతిలో ఇనుప కొనతో, చిరు మువ్వలతో కూడిన కర్ర ఉంటుంది. దానిని తిరుదుడి అంటారు. అడుగు పడినప్పుడల్లా కర్ర నేలను తాకుతుంది, మువ్వలు ఘల్లుమంటాయి. పురుషులు కొంతసేపు గంభీరంగా వలయం తిరిగి, ఉన్నట్టుండి దున్నలుగా మారిపోతారు. తలలు వంచి ఒకరినొకరు ఢీకొంటారు, కాలితో నేల గీరుతారు, మంద చెదరినట్లు చెదరి మళ్ళీ కూడుకుంటారు. ఇదంతా గంటల తరబడి సాగుతుంది. ఆ కొమ్ముల బరువు మోస్తూ, డోలు వాయిస్తూ, మండుటెండలో ఆడడం దేహదారుఢ్యం లేనివారికి సాధ్యం కాదు.

వేడుక నాటి ఉడుపు అనేది లోకమంతటా ఉన్నదే. కాని ధరించేవాడు ఎవరో, ఏ తెగవాడో చూడగానే తెలియజెప్పే ఉడుపులు కొద్ది. యూరపులో అట్టి దానికి పేరుపొందినది స్కాట్లండు హైలాండు సీమ వారి దుస్తులు: గళ్ల టార్టన్ బట్టతో కుట్టిన కిల్టు, దానికి తగిన కోటు. హైలాండు అంటే, మన మాటలో, ఆ దేశపు మన్యం. ఈ రెండు మన్యాల వేషాలకు పోలిక పైకి కనిపించదు. ఒకటి నేత బట్ట మీద ఆధారపడినది, మరొకటి మృగపు కొమ్ము మీద. అయినా ఆ రెండింటి కథలూ ఒక ప్రశ్న దగ్గర కలుసుకొంటాయి. ఒక జనసమూహపు వేడుక ఉడుపు ఎట్లా ఉండాలో నిర్ణయించే అధికారం ఎవరిది?

ముందు పేరు సంగతి. ‘బైసన్ హార్న్ మారియా’ అన్న పేరును ఆ ప్రజలు తమకు తాము పెట్టుకొనలేదు. 1927 నుండి 1931 వరకు బస్తరు సంస్థానానికి పరిపాలనాధికారిగా ఉన్న ఐ.సి.ఎస్. ఉద్యోగి విల్‌ఫ్రిడ్ గ్రిగ్‌సన్, అబూజ్‌మాడ్ కొండలలో నివసించే మాడియాల నుండి మైదాన ప్రాంతపు మాడియాలను వేరుచేసి చూపడానికి ఆ తలపాగాను గుర్తుగా తీసుకొన్నాడు. 1938లో వెలువడిన ఆయన గ్రంథంతో ఆ పేరు స్థిరపడిపోయినది. నిజానికి ఆ కొమ్ములు బైసన్‌వి కావు. బైసన్ అమెరికా, యూరపు ఖండాల జంతువు. బస్తరు అడవులలో తిరిగేది గౌర్, అనగా మన అడవిదున్న. వేటగాళ్ళయిన దొరలు దానిని బైసన్ అన్నారు, ఆ తప్పు పుస్తకాల కెక్కినది, పుస్తకాల నుండి ప్రభుత్వ కాగితాల కెక్కినది. తరువాతి కాలంలో ఇదే గ్రిగ్‌సన్ నిజాం ప్రభుత్వంలో ఉన్నతోద్యోగిగా హైదరాబాదు వచ్చి, తెలంగాణా గిరిజనుల సమస్యలను కూడా పట్టించుకొన్నాడు.

తెలుగువారు ఈ విషయంలో కొంత మెరుగు. శబరి, గోదావరి పరిసరాలలో ఇదే విధంగా కొమ్ములు ధరించి ఆడే కోయలను మనం మొదటి నుండీ ‘కొమ్ము కోయలు’ అంటున్నాము. జంతువు పేరు ఎత్తకపోవడం వల్ల పొరపాటుకు తావు లేకపోయినది! భద్రాచలం వైపు జరిగే ఉత్సవాలలో కొమ్ముకోయ నృత్యం చూసినవారు బస్తరు నృత్యాన్ని చూస్తే దగ్గరి చుట్టాన్ని చూసినట్లే భావిస్తారు. కోంటా తాలూకాలోని దోర్లాలు కోయల శాఖవారే, వారి భాషలో తెలుగు పలుకులు ధారాళంగా వినిపిస్తాయి. ఆదిలాబాదు రాజగోండుల గుస్సాడీ నెమలి ఈకల టోపీ ఈ కుటుంబానికే చెందిన మరొక కొమ్మ. ఆ నృత్యాన్ని జీవితాంతం నేర్పిన మర్లవాయి వాసి కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించినది, ఆయన 2024లో కన్నుమూశాడు. రాష్ట్రాల సరిహద్దులు కాగితం మీద గీసినవి. తలపాగాలు వాటిని ఎన్నడూ లెక్కచేయలేదు.

ఇక కొమ్ముల విషయం. దున్న కొమ్ము లోపల ఎముక ఉంటుంది, దానిపై గోరు వంటి పదార్థంతో ఏర్పడిన తొడుగు ఉంటుంది. ఎండిన పిమ్మట ఆ తొడుగు ఎముక నుండి ఊడివస్తుంది. టోపీకి బిగించేది ఈ బోలు తొడుగునే. అంత పెద్ద కొమ్ములను తలపై మోయగలగడానికి కారణమిదే. మంచి జత కొమ్ములు ఒక్క తరంతో పోవు. తండ్రి నుండి కొడుకుకు సంక్రమిస్తాయి, ఇంటిలో పొగ తగిలేచోట భద్రంగా ఉంటాయి, పెండ్లి వచ్చినప్పుడు దిగుతాయి. లేనివారు ఉన్నవారిని అడిగి తెచ్చుకొంటారు.

కొత్త కొమ్ములు రావడం మాత్రం ఎన్నడో ఆగిపోయినది. సంస్థానంలో అడవులను రిజర్వు చేయడం మొదలైన నాటి నుండి వేటకు సంకెళ్ళు పడ్డాయి. 1910లో గుండాధూర్ నాయకత్వాన బస్తరును ఊపివేసిన ‘భూమ్‌కాల్’ తిరుగుబాటుకు అడవిపై హక్కులు పోవడం ఒక ముఖ్య కారణం. స్వాతంత్ర్యం తరువాత 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిదున్న వేటను నిషేధించినది. ఈ నిషేధాన్ని తప్పుపట్టడానికి వీలులేదు. గిరిజనుల బాణాల కంటె తుపాకులు, కలప కోత, పశువుల తెగుళ్ళు దున్న మందలకు ఎక్కువ చేటు చేశాయి గనుక, శిక్ష మాత్రం అందరూ సమానంగా పంచుకొన్నారని ఒప్పుకొనక తప్పదు. ఫలితంగా మాడియా ఇంటిలోని ఆ జత కొమ్ములు ఇప్పుడు మరల దొరకని వస్తువు. విరిగితే అతుకుపెట్టుకోవాలి, పోతే పశువుల కొమ్ములతో సరిపెట్టుకోవాలి. అడవిదున్న కొమ్ము మొదట వెడల్పుగా సాగి పిమ్మట లోపలికి వంగుతుంది, ఎద్దు కొమ్ముకు ఆ వంపు రాదు. పెద్దవాళ్ళు దూరం నుండే తేడా పట్టేస్తారు.

కొమ్ములు కాక మిగిలినది బట్ట. ఇందులో ఒక విశేషం ఉన్నది. మాడియాలు నేయరు. వారి బట్టలను నేసేవారు మహరాలు, పనికాలు. అడవిలోని గిరిజనుడికీ, ఊరిలోని మగ్గానికీ నడుమ ఈ బంధం తరతరాలుగా సాగివచ్చినది. పనికాలలో చాలామంది కబీరు పంథీయులు కావడం గమనింపదగిన సంగతి. కబీరు కూడా మగ్గం మీది మనిషే గదా!

ఈ నేతకు నేడు పేరెన్నికగన్న చోటు జగ్దల్‌పూర్‌కు తూర్పున, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఉన్న కోట్‌పాడ్. బస్తరు, జైపూరు సంస్థానాలు చిరకాలం తగవులాడుకొన్న పరగణా అది. చివరకు జైపూరుకు దక్కినది. పరగణా ఎవరిదైనా, అక్కడి బట్ట ఇరువైపుల గిరిజనులకూ వెళ్ళేది. ముడి నూలు తెలుపు నేల, దానిపై ముదురు ఎరుపు లేక కాఫీగింజ వన్నె అంచులు, కొంగు దగ్గర పీత, చేప, గొడ్డలి, విల్లు, తాటిచెట్టు, శంఖం వంటి బొమ్మలు. ఈ బొమ్మలు అద్దినవి కావు, కుట్టినవి కావు. నేసేటప్పుడే అదనపు పేకపోగును చేతితో దూర్చి తెచ్చినవి.

ఆ ఎరుపు ‘ఆల్’ చెట్టు వేరు పట్ట నుండి వస్తుంది. మనవారు దానిని తొగరు చెట్టు అంటారు. తెలుగులో తొగరు అంటే ఎరుపే. చెట్టు పేరు రంగుకు వచ్చినదో, రంగు పేరు చెట్టుకు వచ్చినదో పండితులు తేల్చాలి. వేరును ఎండబెట్టి దంచి పొడి చేస్తారు. అయితే ఆ పొడి నీటిలో నూలును ముంచినంత మాత్రాన రంగు నిలువదు. ముందుగా నూలును ఆముదం, పేడ, కట్టెల బూడిద తేట కలిపిన ద్రవంలో నానబెట్టి, పిసికి, ఎండబెట్టాలి. మళ్ళీ నానబెట్టాలి, మళ్ళీ ఎండబెట్టాలి. ఇట్లా వారాల తరబడి చేయాలి. బూడిదలోని క్షారం ఆముదాన్ని సబ్బువంటి పదార్థంగా మార్చి నూలు నరనరానికీ ఎక్కిస్తుంది, ఆ తరువాతనే వేరులోని రంగు దానిని పట్టుకొంటుంది. పట్టుకొన్నదా, ఇక వదలదు. ఎన్ని ఉతుకులు పడినా ఎరుపు మెత్తబడి నిగ్గుతేలుతుందే గాని వెలియదు. ముదురు నలుపు వన్నె కావాలంటే ఇదే రంగులో అన్నభేది కలుపుతారు. ఈ పని ఎక్కువగా స్త్రీలది. మగ్గం మీద కూర్చున్న పురుషుని పేరు లోకానికి తెలుస్తుంది, నెల రోజులు నూలు పిసికిన చేతుల పేరు తెలియదు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. చీరాల తేలియా రుమాలు పేరులోనే నూనె ఉన్నది. నువ్వుల నూనె, బూడిద తేటలలో నూలును నానబెట్టి, చిరివేరు ఎరుపు ఎక్కించే పద్ధతి కోస్తా తీరంలో ఒకప్పుడు సర్వసామాన్యం. 1868లో జర్మను రసాయనవేత్తలు గ్రేబె, లీబర్‌మన్‌లు ఆ ఎరుపులోని సారమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ డబ్బాలు మన రేవులలో దిగిన కొద్ది కాలానికే చిరివేరు, తొగరు పంటలు మూలబడ్డాయి. కోట్‌పాడ్ వంటి మారుమూలలలో మాత్రం పాత పద్ధతి నిలిచినది. 2005లో కోట్‌పాడ్ చేనేతకు భౌగోళిక గుర్తింపు వచ్చినది, అక్కడి నేతగాడు గోవర్ధన పనికాకు 2018లో పద్మశ్రీ వచ్చినది. గిరాకీ మాత్రం దిశ మారినది. పెండ్లికి కొనే గిరిజనుని చేతికి చవకైన మిల్లు బట్ట వచ్చినది, ఆల్ ఎరుపు చీర నగరాల ప్రదర్శనశాలలకు చేరినది. నెల పనికి తగిన ధర పల్లెవాడు చెల్లించలేడు. ఇందులో ఎవరిని తప్పుపట్టగలము?

ఇప్పుడు స్కాట్లండు మన్యానికి వెళ్ళి వత్తము.

అక్కడి కిల్టు మొదట కుట్టిన బట్ట కాదు. ఎన్నో గజాల పొడవున్న ఉన్ని దుప్పటిని కుచ్చెళ్ళు పెట్టి నడుముకు పట్టీతో బిగించి, మిగిలిన భాగాన్ని భుజం మీద వేసుకొనేవారు. పగలు ఉడుపు, రాత్రి పడక. మన ధోవతీ ఉత్తరీయాలు కలిసి ఒక్క బట్టగా ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించుకొనవచ్చును. నడుము క్రింది భాగాన్ని మాత్రమే వేరుచేసి కుచ్చెళ్ళు కుట్టిన చిన్న కిల్టు 18వ శతాబ్ది తొలి భాగంలో వ్యాపించినది. దానిని ప్రవేశపెట్టినవాడు ఇనుము కరిగించే వ్యాపారం కోసం అక్కడికి వచ్చిన రాలిన్సన్ అనే ఆంగ్లేయుడని ఒక వాదం ఉన్నది. స్కాట్లండు దేశాభిమానులకు అది రుచించదు.

నేడు హైలాండు విందు ఉడుపులో కిల్టు గళ్లది, కోటు సాధారణంగా నల్లనిది. కిల్టుకు సరిపడే అదే గళ్లబట్టతో కోటు కూడా కుట్టించుకొనేవారు ఉన్నారు. తల నుండి మోకాలి దాకా గళ్లే అయితే కళ్ళు చెదురుతాయని కొందరు నొసలు చిట్లిస్తారు. ఆ చెదరును తగ్గించడానికి దర్జీలు కోటు బట్టను ఏటవాలుగా కత్తిరిస్తారు. అప్పుడు కిల్టుపై నిలువుగా, అడ్డంగా ఉన్న గళ్ళు కోటుపై ఐమూలగా పడతాయి. అంగీ, కిల్టు ఒకే గళ్ళలో ఉండాలా, వేరుగా ఉండాలా అన్న విషయమై ఆ దేశంలో నేటికీ తీవ్రమైన అభిప్రాయాలు ఉన్నాయి.

చరిత్ర మాత్రం ఆ తగవును చూసి నవ్వుతుంది. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో హైలాండు సేనలు ఓడిపోయాయి. ఆ తిరుగుబాటు దృశ్యాన్ని డేవిడ్ మోరియర్ అనే చిత్రకారుడు గీశాడు. అందులోని ఎనిమిది మంది హైలాండు యోధుల ఒంటి మీద ఇరవైకి పైగా వేరువేరు గళ్ళు కనిపిస్తాయి. అంగీ ఒక తీరు, కిల్టు ఒక తీరు, మేజోళ్ళు ఇంకొక తీరు. వంశానికొక గళ్ళు అన్న నియమమే ఆనాటికి లేదు. గళ్ల అంగీ ఉన్నది, సరిజోడు లేదు.

యుద్ధం ముగిసిన వెంటనే పార్లమెంటు శాసనం చేసినది. 1747 ఆగస్టు 1 నుండి హైలాండు పురుషులు, బాలురు కిల్టు ధరించరాదు. గళ్లబట్టతో పై అంగీలు కుట్టించుకొనరాదు అని కూడా ఆ శాసనం ప్రత్యేకంగా పేర్కొన్నది. మొదటి తప్పుకు ఆరు నెలల చెర, రెండవ తప్పుకు ఏడేండ్ల ద్వీపాంతరవాసం. సైన్యంలో చేరినవారికి మాత్రం మినహాయింపు. తన ఉడుపు తాను కట్టుకోవాలంటే రాజుగారి యుద్ధానికి వెళ్ళాలన్న మాట. 1780లో మద్రాసు తీరాన దిగి, హైదరాలీతో పోరాడిన మెక్లౌడ్ హైలాండు రెజిమెంటు ఆ కాలపుదే. నిషేధాన్ని 1782లో రద్దు చేశారు. ముప్పది అయిదు సంవత్సరాలు గడిచాయి. ఒక తరం గళ్లబట్ట కట్టకుండానే పెరిగి పెద్దదైనది.

ఆ తరువాతి కథ వింతగా ఉంటుంది. సామాన్యుడు మరచిపోయిన ఉడుపును ప్రభువులు నెత్తిన పెట్టుకొన్నారు. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ స్వాగత సన్నాహాలన్నీ హైలాండు వేషాలతో నింపివేశాడు. రాజుగారు కూడా కిల్టు ధరించారు, కాళ్ళు కనబడకుండా గులాబీ రంగు మేజోళ్ళు తొడుగుకొన్నారు. ఆ వేషానికి అయిన ఖర్చు వేయి మూడువందల పౌనులకు పై మాట. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేత సంస్థ అప్పటికే రకరకాల గళ్ళు నేసి అంకెలతో, ఆ పిమ్మట పేర్లతో అమ్ముతున్నది. మా వంశపు గళ్ళేవి అని పెద్దమనుషులు అడుగుతుంటే, దుకాణదారులు లేదనలేదు. 1842లో ఇద్దరు అన్నదమ్ములు తాము రాజవంశీకులమని చెప్పుకొంటూ, పురాతన వ్రాతప్రతి ఆధారమంటూ వంశాల గళ్ళ గ్రంథం అచ్చువేశారు. అది కల్పితమని తరువాత తేలినది. కాని అందులోని గళ్ళు అప్పటికే వంశాల ఒంటికెక్కాయి, దిగలేదు. నేడు స్కాట్లండు ప్రభుత్వం 2009 నుండి టార్టన్ల అధికార పట్టికను నిర్వహిస్తున్నది. ఎవరైనా క్రొత్త గళ్ళు కల్పించి, రుసుము చెల్లించి నమోదు చేసుకొనవచ్చును.

దీనిని బట్టి హైలాండు ఉడుపు బూటకమని తేల్చివేయడం అన్యాయం. రెండు వందల ఏండ్లుగా పెండ్లిళ్ళలో, అంత్యక్రియలలో, యుద్ధభూములలో ధరించినది ఎట్లా బూటకమవుతుంది? మన సైన్యంలోని పైపు వాద్య బృందాలు కూడా భుజాన టార్టన్ వేసుకొని కవాతు చేస్తున్నాయి. గమనించవలసినది వేరే ఉన్నది. నిషేధం, విస్మృతి, అటుపై పైవాళ్ళ ముచ్చట, వ్యాపారి పట్టిక అనే వరుసలో ఆ ఉడుపు నడిచివచ్చినది. దానిని తొలుత కట్టిన కాపుకు, గొర్రెలకాపరికి మధ్యలో ఎవరూ మాట అడగలేదు. పైగా రాజుగారు కిల్టు కట్టిన ఆ కాలంలోనే, గొర్రెల పెంపకానికి చోటు కావాలని భూస్వాములు హైలాండు రైతులను ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి సముద్రాలు దాటించారు.

బస్తరులో ఉడుపును నిషేధించిన శాసనం ఏదీ లేదు. కాని తక్కిన మెట్లు కొన్ని గుర్తుకు రాకపోవు. 1953 నుండి గణతంత్ర దినోత్సవ సందర్భంగా ఢిల్లీలో జానపద నృత్యోత్సవాలు మొదలైనప్పటి నుండి, కొమ్ముల నృత్యం దేశానికి పరిచయమైనది. వెరియర్ ఎల్విన్ గ్రంథాలు, ఛాయాచిత్రాలు అంతకుముందే దానికి విద్వాంసుల లోకంలో పేరు తెచ్చాయి. క్యాలెండర్ల మీద, విమానాశ్రయాల గోడల మీద, పర్యాటక శాఖ ప్రకటనల మీద ఇప్పుడు ఆ కొమ్ములే కనిపిస్తాయి. వేదిక మీది నృత్యానికి కొన్ని అవసరాలు ఉంటాయి. కార్యక్రమం నిమిషాల లెక్కన ముగియాలి. దూరం నుండి చూసేవారికి అందరూ ఒక్క తీరుగా కనబడాలి. అందువల్ల బృందమంతటికీ ఒకే రంగు చొక్కాలు, ఒకే రంగు అంచులు, ఒకే తీరు పూసలు వచ్చాయి. పల్లెలో ఒకడి కొమ్ములకు పొడవు ఎక్కువ, ఒకడి గవ్వలకు వరుసలు ఎక్కువ, మరొకడు బనియనుతోనే వచ్చి నిలుస్తాడు. ఆ తేడాలే అక్కడ ఇంటిపేర్ల వంటివి. మోరియర్ చిత్రంలో గళ్ళు కలవకుండా ఉన్నట్లే ఇక్కడా ఏదీ మరొకదానితో కలవదు. సరిజోడు కావాలని కోరేది చూసేవాడు, కట్టేవాడు కాదు.

వేదికను నిందించడం మాత్రం తేలికైన పని. బృందంతో ఢిల్లీ వెళ్ళివచ్చిన కుర్రవాడు ఊరిలో డోలు నేర్చుకొనడం మానడు, ఇంకా శ్రద్ధగా నేర్చుకొంటాడు. వేదిక వల్ల వచ్చిన డబ్బు, పరువు కూడా నిజమైనవే. అసలు ప్రమాదం ఇంకొకవైపు నుండి వచ్చినది. 2005లో ‘సల్వా జుడుం’ పేరుతో మొదలైన సాయుధ ఉద్యమం, మావోయిస్టుల ఎదురుదాడులు కలిసి దక్షిణ బస్తరు పల్లెలను నిలువునా చీల్చాయి. వందలాది పల్లెల జనం కొందరు శిబిరాలలో చేరారు, వేలాది మంది సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులకు వచ్చారు. తెలుగువారు వారిని గుత్తికోయలు అంటున్నారు. ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చే ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తీర్పు వచ్చేనాటికి పల్లెలు ఖాళీ అయ్యాయి. రాత్రికి రాత్రి ఇల్లు వదలి బయలుదేరినవాడు బిడ్డను ఎత్తుకొంటాడు, గింజల మూట ఎత్తుకొంటాడు. మూరెడు కొమ్ముల టోపీని ఏ చేత పట్టుకొంటాడు? కాలిపోయిన ఇంటిలోని కొమ్ములకు బదులుగా చట్టం క్రొత్త కొమ్ములు ఇవ్వలేదు, ఇవ్వరాదు కూడా. పెండ్లి ఆడాలంటే నలుగురు చుట్టాలు ఒకచోట ఉండాలి. సరిహద్దుకు ఇవతల అడవి గుడిసెలలో ఓటరు చీటీ కోసం, నీటి బోరింగు కోసం తిరుగుతున్నవారికి ఆ వలయం పూర్తికావడం కష్టం.

బస్తరు అనే పేరుకే ఒక బట్ట కథ ఉన్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట, ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అడవులలో రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశపు ఐతిహ్యం. తోడుగా దంతేశ్వరీ దేవి వచ్చినదట, ఆమె వస్త్రం పరచిన మేర అతని రాజ్యమైనదట. ఆ ‘వస్త్ర’మే బస్తరు అయినదని చెబుతారు. వెదురు పొదల నీడన వెలసినందున ఆ పేరు వచ్చినదని ఇంకొక మాట ఉన్నది. భాషావేత్తలు ఏమన్నా, గుడ్డ కథనే జనం ఇష్టపడ్డారు. మరొక కథలో దేవి రాజు వెనుక నడుస్తూ వస్తుంది, అతడు వెనుదిరిగి చూడరాదని నియమం. నది ఇసుకలో అందెల సవ్వడి వినిపించక అతడు వెనుదిరిగినాడు, దేవి అక్కడే ఆగిపోయినది.

ఆ ఆగిన చోటు దంతెవాడ. శంఖినీ, డంకినీ నదులు కలిసేచోట గుడి ఉన్నది. గర్భగుడి సమీపానికి వెళ్ళే పురుషుడు ప్యాంటుతో లోనికి పోరాదు, ధోవతి కట్టవలసినదే. తెలియక వచ్చినవారికి గుడి దగ్గరనే ధోవతులు ఇస్తారు. కలెక్టరయినా, కాంట్రాక్టరయినా ద్వారం దగ్గర ఆగి, తెల్లని గుడ్డ నడుముకు చుట్టుకొని, కట్టు జారిపోకుండా ఎడమ చేత్తో పట్టుకొని మెట్లు దాటుతాడు. వరుసలో ముందున్న మాడియాకు ఆ ఇబ్బంది లేదు.